పరదాల బండిలో చదువు: బేగం రొఖయా జీవితం

సంప్రదాయమును విడనాడకుండ స్త్రీకి ఆధునిక విద్య నందించుట సాధ్యమా అన్న ప్రశ్న మన సభలలో తరచు వినవచ్చును. ఉపన్యాసములతో గాక, ఒక పాఠశాలను ఇరువది యేండ్లకు పైగా నడిపి దీనికి సమాధానము వెదకిన వనిత బేగం రొఖయా సఖావత్ హుస్సేన్.

నేటి బంగ్లాదేశ్‌లోని రంగపూర్ ప్రాంతమున, పైరాబంద్ గ్రామములో, 1880లో ఆమె జమీందారుల ఇంట జన్మించిరి. తండ్రి బహుభాషా పండితుడే. అయినను కుమార్తెలకు ఖురాన్ పఠనము, కొంత ఉర్దూ చాలునని ఆ ఇంటి కట్టడి. ఐదేండ్ల ప్రాయముననే పరాయి స్త్రీల కంట కూడ పడకుండ ఆ పసిపిల్ల దాగవలసి వచ్చెడిది. బెంగాలీ చదువుకు అక్క కరీమున్నీసా తోడుపడగా, ఇల్లు నిద్రించిన పిదప దీపపు వెలుగులో అన్న ఇబ్రహీం ఇంగ్లీషు నేర్పెను.

భర్త సఖావత్ హుస్సేన్ భాగల్పూర్‌లో డిప్యూటీ మేజిస్ట్రేటు. వయస్సున చాల పెద్దవాడు, మొదటి భార్యను కోల్పోయినవాడు. నేటి విద్యార్థినులకు ఈ సంబంధము రుచింపకపోవచ్చును గాని, ఆమె రచనలకు మొదటి ప్రోత్సాహకుడు ఆయనయే. పురుషులే అంతఃపురమున దాగియుండగా స్త్రీలు రాజ్య మేలెడి వింతకథ 'సుల్తానాస్ డ్రీమ్' 1905లో మద్రాసు పత్రికలో వెలువడినది. ఆ పత్రికా సంపాదకురాలు తెలుగింట పుట్టిన కమలా సత్తియనాథన్ అగుట మనకు ముచ్చట గొలుపు విషయము.

1909లో భర్త మరణించెను. బాలికల పాఠశాలకై ఆయన విడిచిన పది వేల రూపాయలతో భాగల్పూర్‌లో ఐదుగురు పిల్లలతో బడి పెట్టిరి. కుటుంబ కలహముల వలన ఊరు విడువవలసి వచ్చి, 1911లో కలకత్తాలో ఎనిమిది మందితో మరల ప్రారంభించిరి.

పిల్లలను తెచ్చుటయే పెద్ద సమస్య. మన కళాశాలలో నేటికిని కొందరు తల్లిదండ్రులు పాఠ్యాంశముల కంటె ముందు బండి సంగతి అడుగుదురు! ఆ బడికొక మోటారు బస్సు వచ్చినది. గాలి చొరని ఆ చీకటి పెట్టెలో పిల్లలకు వాంతులు, మూర్ఛలు. సరేయని తలుపు తీసి తెర కట్టించిరి. తెర గాలికి ఎగురుచున్నది, పరదా పోయినదని నిందిస్తూ ఉత్తరములు వచ్చినవి. మూసిన పిల్లలకు ప్రాణగండము, తెరచిన బడికి గండము! ఈ సంకటమును ఆమె తన 'అవరోధ్‌బాసిని' గ్రంథములో చెప్పుకొనిరి.

స్త్రీలను నాలుగు గోడల నడుమ బంధించుటను కలముతో తీవ్రముగ ఖండించిన ఆమె, స్వయముగ బురఖా విడువలేదు. మర్యాద గల ముసుగు వేరు, ఊపిరి తీయనీయని నిర్బంధము వేరు అని ఆమె తలంపు. ఇది రాజీ యని తప్పుపట్టువారు కలరు. వారి మాట పూర్తిగ కాదనలేను. కాని ముసుగు తీసిన ప్రధానోపాధ్యాయురాలి బడికి ఆనాడు బిడ్డను పంపు తల్లి ఎందరుందురు? ఇల్లిల్లు తిరిగి పిల్లలను అడిగి తెచ్చుకొనినది ఆమెయే. 1916లో అంజుమనె ఖవాతీనె ఇస్లామ్ స్థాపించి పేద స్త్రీలకును చేయూత నిచ్చిరి.

1932 డిసెంబరు 9న ఆమె పరమపదించిరి. స్త్రీల హక్కులను గూర్చి వ్రాయుచున్న వ్యాసము అసంపూర్ణముగ బల్లపై మిగిలినది. భర్త పేర ఆమె నిలిపిన ఆ పాఠశాల నేటికిని కలకత్తాలో నడచుచున్నది.