వల విసిరిన చేతిలో కత్తి: బిలాసా కేవటిన్ కథ

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో చాలా కుటుంబాలకు బిలాస్‌పూర్ అంటే రైల్వే ఉద్యోగమే. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో బయల్దేరిన వలస అది. విశాఖ నుంచి కోర్బా వెళ్లే రైలు ఎక్కితే ఇప్పటికీ ఆ బంధుత్వాలు బోగీ నిండా కనిపిస్తాయి. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రం కూడా ఈ ఊరే. స్టేషన్ పసుపు బోర్డు మీది పేరు మాత్రం రైల్వే పెట్టింది కాదు. రాజు పేరూ కాదు, దేవుడి పేరూ కాదు. అర్పా నది ఒడ్డున చేపలు పట్టుకుని బతికిన ఒక ఆడమనిషిది.

ఆమె బిలాసా. ఛత్తీస్‌గఢీలో బిలాసా కేవటిన్. కేవట్‌లంటే పడవ నడిపేవాళ్లు, చేపలు పట్టేవాళ్లు, మన బెస్తల్లాంటి వాళ్లు. రాముణ్ని గంగ దాటించిన కేవటుడు తమవాడేనని గర్వంగా చెప్పుకునే కులం. బిలాసా పేరిట శాసనం లేదు, నాణెం లేదు, సమకాలీన గ్రంథంలో ఒక్క వాక్యమూ లేదు. బ్రిటిష్ గెజెటీర్లు మూడు నాలుగు వందల ఏళ్ల కిందట బిలాసా అనే జాలరి స్త్రీ ఈ ఊరికి మూలమని, చాలాకాలం ఇక్కడ జాలర్ల గుడిసెలు తప్ప మరేమీ లేవని రాసి ఊరుకున్నాయి. మిగతాదంతా జనం నోట బతికింది. అయితే ఆ జనం నోట బతికిన బిలాసా చేతిలో ఎప్పుడూ ఏదో ఒక ఆయుధం ఉంటుంది. చాలా కథల్లో ఊళ్లకు పేరు పెట్టిన స్త్రీలు త్యాగమూర్తులుగానో పతివ్రతలుగానో మిగులుతారు. ఈమెను మాత్రం ముందు యోధురాలిగా గుర్తుపెట్టుకున్నారు.

కథ అడవిపందితో మొదలవుతుంది. మగవాళ్లంతా వేటకో చేపలకో వెళ్లిన వేళ ఒక అడవిపంది ఊరి మీద పడిందట. బిలాసా బల్లెం తీసుకుని ఎదురు వెళ్లి దాన్ని చంపిందట. కొందరు ఈ ఘట్టాన్ని ఇంకో రకంగా చెబుతారు. రతన్‌పూర్ రాజు కల్యాణ్ సాయ్ వేటకు వచ్చి పరివారం నుంచి విడిపోయాడని, పంది దాడిలో గాయపడ్డ ఆయన్ని బిలాసా కాపాడి, సేవ చేసిందని వాళ్ల మాట. రెండు కథల్నీ కలిపి చెప్పేవాళ్లూ ఉన్నారు. ఎలా చెప్పినా పంది మాత్రం తప్పదు.

ఆయుధాల సంగతి తెలిసినవాళ్లకు ఈ పంది చిన్న విషయం కాదు. అడవిపంది దూసుకొస్తే డాలు పెద్దగా పనికిరాదు. దాని కోరలు మనిషి తొడల ఎత్తులో చీలుస్తాయి, డాలేమో ఛాతీని, తలను కాయడానికి అలవాటు పడ్డ వస్తువు. కత్తి పొడవు చాలదు. కత్తి వేటు తగిలేసరికి జంతువు మనిషి మీదికి వచ్చేసి ఉంటుంది. బల్లెం గుచ్చినా వేగం ఆగక ఆ కర్ర వెంబడే పైకి తోసుకొస్తుందని ఐరోపా వేటగాళ్లు పందిబల్లేనికి మొన కింద అడ్డుకమ్మి బిగించేవారు. కాబట్టి ఒంటరిగా, కాళ్లు నేలకు తన్నిపెట్టి, బల్లెంతో పందిని ఆపిన మనిషి అంటే బలం కంటే నిలకడ, దూరం తెలిసిన మనిషి. నీళ్ల మీద ఊగే పడవలో నిలబడి గెడ వేసే కేవట్ స్త్రీకి ఆ నిలకడ ఉండటంలో ఆశ్చర్యం లేదు. కథ కట్టినవాళ్లు ఎవరో గానీ, ఆయుధాన్ని సరిగ్గానే ఎంచారు.

రాజు ఆమెను రతన్‌పూర్ పిలిపించి, అర్పా ఒడ్డున జాగీరు ఇచ్చాడని జనశ్రుతి. రతన్‌పూర్ బిలాస్‌పూర్‌కు పాతిక కిలోమీటర్ల దూరం. కలచురి వంశపు హైహయులకు శతాబ్దాలపాటు రాజధాని. అక్కడికి వచ్చేసరికి కథకు కాస్త చరిత్ర నేల దొరుకుతుంది. కల్యాణ్ సాయ్ నిజమైన రాజు, 16వ శతాబ్దం వాడు. ఆయన కాలపు లెక్కల పుస్తకం ఒకటి బ్రిటిష్ సెటిల్‌మెంట్ అధికారి చిజమ్ చేతికి 1860ల్లో చిక్కింది. శివనాథ్ నదికి ఉత్తరాన 18, దక్షిణాన 18 గఢ్‌ల వివరం అందులోదే. ఛత్తీస్‌గఢ్ అనే పేరుకు చెప్పే లెక్క అదే.

అదే పుస్తకంలో సైన్యం చిట్టా కూడా ఉంది. ఖడ్గధారులు 2,000. కటారిధారులు 5,000. తుపాకీవాళ్లు 3,600. విలుకాళ్లు 2,600. ఆశ్వికులు 1,000. వెరసి 14,200 మంది, పైన 116 ఏనుగులు. కత్తివాళ్ల కంటే కటారివాళ్లు రెండున్నర రెట్లు ఎక్కువ ఉండటం గమనించాలి. పిడికిలితో గుద్దినట్టు పొడిచే పొట్టి ఆయుధం కటారి. ఇనుము తక్కువ పడుతుంది, నేర్పడానికి పెద్ద సమయం పట్టదు, అడవి దారుల్లో కలబడి పోరాడటానికి సరిపోతుంది. మంచి కత్తి ఖరీదైనది, దాన్ని వాడటం ఏళ్ల సాధన. అంటే ఈ రాజ్యంలో కత్తి పట్టడమే ఒక హోదా. జాలరి పిల్ల చేతికి కత్తి రావడమంటే ఆయుధం మారడం కాదు, మెట్టు మారడం.

తర్వాతి ఘట్టమే బిలాసాను బిలాసాను చేసింది. కల్యాణ్ సాయ్ మొఘల్ దర్బారుకు వెళ్లాడని, అక్కడ ఎనిమిదేళ్లు ఉన్నాడని రతన్‌పూర్ సంప్రదాయం చెబుతుంది. వెంట వెళ్లిన మల్లుడు గోపల్లా రాయ్ గాథను దేవార్ గాయకులు పాడతారు. బిలాసా కూడా వెళ్లిందని, చక్రవర్తి ముందు కత్తిసాములో మగవాళ్లను ఓడించిందని బిలాస్‌పూర్ కథ. చక్రవర్తి ఎవరన్నదే చిక్కు. కొందరు అక్బర్ అంటారు, కొందరు జహంగీర్. రతన్‌పూర్ కల్యాణ్ తన దగ్గరికి ఏనుగులతో, నగదుతో వచ్చాడని జహంగీర్ ఆత్మకథలో ఉంది. కానీ రాజుల జాబితాల్లోని కల్యాణ్ సాయ్ పాలన అక్బర్ కాలంలోనే ముగుస్తుంది. ఈ రెండూ ఒక మనిషికి అతకవు. బిలాసా కాలాన్ని తేల్చడానికి ఉన్న ఒక్క ఊతమూ ఇలా కదిలిపోయేదే.

అయితే ఆ దర్బారులో ఎలాంటి కత్తిసాము జరిగేదో మాత్రం బాగా తెలుసు. అబుల్ ఫజల్ ఐన్-ఇ-అక్బరీలో షంషేర్‌బాజ్‌ల గురించి ప్రత్యేకంగా రాశాడు. వెయ్యిమంది ఎప్పుడూ దర్బారు దగ్గర సిద్ధంగా ఉండేవారట. తూర్పు ప్రాంతాల వాళ్లు చిర్వా అనే చిన్న డాలు వాడేవారు. దక్షిణాది వాళ్ల డాలు పేరు తిల్వా. మనిషిని, గుర్రాన్ని కూడా కప్పేంత పెద్దదని ఆయన వర్ణన. దక్షిణాది వాళ్ల గురించి ఉత్తరాదిలో కాస్త పెంచి చెప్పడం అప్పటికే ఉందేమో. డాలు లేకుండా ఒంటిచేత్తో పోరాడేవాళ్లు యక్-హాథ్‌లు. గజానికి మించిన పిడి ఉన్న పొడవు కత్తిని రెండు చేతులా పట్టేవాళ్లు బానైత్‌లు. కర్రసాము చేసేవాళ్లు లక్‌రైత్‌లు. వంగడంలో, లేవడంలో వాళ్ల చురుకును ఆయన మెచ్చుకున్నాడు.

బిలాసా నిజంగా అక్కడికి వెళ్లి ఉంటే ఈ వరసల్లో ఏదో ఒకదానితో తలపడాలి. ఆమె చేతిలో డాలు ఉందా, లేదా? కథలు ఈ ప్రశ్నకు జవాబు చెప్పవు, కత్తి ఒక్కటే చెబుతాయి. ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ, రెండో చేతిలో ఏముందన్న దాన్ని బట్టి పోరాటమే మారిపోతుంది. ఉత్తర భారతపు తల్వార్ పిడికి చివర గుండ్రటి బిళ్ల ఉంటుంది. అది మణికట్టును స్వేచ్ఛగా తిరగనివ్వదు. అందుకే వేటు భుజం నుంచి గీసినట్టు పడుతుంది. కత్తికి కత్తి అడ్డం పెట్టడం తక్కువ, ఆ పని డాలుది. డాలు లోపల రెండు పట్టీలు, వేళ్ల కణుపులు ఒరుసుకోకుండా చిన్న మెత్త. రెండు పట్టీలనూ ఒకే పిడికిట్లో పట్టుకుంటే డాలు చేతికి కట్టేసిన పలకలా కాక, మణికట్టుతో తిరుగుతుంది. దున్న తోలుదో, ఖడ్గమృగం తోలుదో అయిన ఆ గుండ్రటి ముఖం మీద వేటు పడితే ఆగదు, జారిపోతుంది. వేటు జారిన ఆ అరక్షణంలో ఎదుటివాడి పక్క తెరుచుకుంటుంది. డాలు అంటే దాక్కునే గోడ అని బొమ్మలు చూసి అనుకుంటాం. సాములో అది సగం ఆయుధం.

ఈ కాలంలో ఇలాంటి ప్రశ్నను రోజూ తర్కించుకునేవాళ్లు ఒకరున్నారు, బల్లచుట్టూ కూర్చుని పాచికలతో వీరగాథలు ఆడుకునేవాళ్లు. 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో మొదలైన వినోదం అది. డాలు, పెద్ద కత్తి మధ్య ఎంపిక అందులో ఎప్పటికీ తెగని వాదం. ఐదో సంచికలో డాలు పడితే రక్షణ అంకె 2 పెరుగుతుంది. ఇరవై ముఖాల పాచిక మీద 13 వస్తే తగిలే వేటు, ఇప్పుడు 15 వస్తేగాని తగలదు. ఎనిమిది ముఖాలు ఆరుకు తగ్గాయి, అంటే నాలుగు వేట్లలో ఒకటి తప్పిపోయింది. డాలు వదిలి రెండు చేతుల కత్తి పడితే మీ దెబ్బ సగటు 7, ఒంటిచేతి పొడవు కత్తికి 4.5. బానైత్‌కూ చిర్వా పట్టిన తూర్పువాడికీ మధ్య బేరం అక్బర్ అంగణంలోనూ ఇదే.

కానీ ఆ పాచికకు చిర్వా అయినా తిల్వా అయినా ఒకటే 2. అరచేతి మందాన ఉన్నదీ, గుర్రాన్ని దాచేదీ ఒకే అంకె. వేటును జార్చడం, పక్క తెరవడం అన్నవి అంకెలో ఇమడవు. ఆ ఆట ఒక విషయంలో మాత్రం జానపద కథకుల కంటే తెలివిగా ఉంది. అందులో వల కూడా ఆయుధమే. మీద పడితే ఎదుటివాడు చిక్కుకుపోతాడు, తర్వాతి వేటు సులువవుతుంది. రోమన్ల రంగస్థలంలోనూ వల, త్రిశూలం పట్టిన యోధుల వర్గం ఒకటి ఉండేది. పుట్టిన దగ్గర్నుంచి వల విసిరిన ఆమెకు మనవాళ్లు బల్లెం ఇచ్చారు, కత్తి ఇచ్చారు. వల ఇచ్చినవాళ్లు అరుదు. కులవృత్తి పనిముట్టు వీరగాథకు తగదనుకున్నారు కాబోలు. రాజసభకు వెళ్లేముందు ఆమెను ఒడ్డునే వల దించేయమన్నట్టుంది.

బిలాసా మరణం గురించి రెండు కథలున్నాయి, రెండూ ఒకదానికొకటి పొసగవు. ఒకదాని ప్రకారం శత్రువులు మీదికి వచ్చినప్పుడు భర్త బంసీ పోరాడి పడిపోగా, ఆమె కత్తి పట్టి పోరాడుతూనే చనిపోయింది. రెండోదాని ప్రకారం ఒక పాలకుడి కన్ను ఆమె మీద పడితే, మానం కాపాడుకోవడానికి మంటల్లోకి దూకింది. పందిని బల్లెంతో ఆపిన మనిషి ఇక్కడికి వచ్చేసరికి ఆయుధం లేకుండా ఎందుకు నిలబడింది? రెండో కథ మన దేశంలో వందల ఊళ్లలో వందల స్త్రీలకు తొడిగిన అచ్చు. మొదటిదానికి ఈ ఊరి మట్టి వాసన ఉంది. ఏది జరిగిందో తేల్చే సాక్ష్యం రెండింటికీ లేదు. కానీ ఏది ఎంచుకుంటామన్నది ఎంచుకునేవాళ్ల గురించి చాలా చెబుతుంది. ఈ నాలుగైదు దశాబ్దాల్లో బిలాస్‌పూర్ ఎక్కువగా మొదటిదాన్నే ఎంచుకుంది.

ఆమె పేరు చెప్పుకున్న రాజ్యం మాత్రం కత్తి దూయకుండానే ముగిసింది. 1741లో నాగ్‌పూర్ భోంస్లేల సేనాని భాస్కర్ పంత్ రతన్‌పూర్ మీదికి వచ్చాడు. కొడుకు పోయిన దుఃఖంలో ఉన్న ముసలి రాజు రఘునాథ్ సింగ్ కదల్లేదు. ఫిరంగులు కోటలో ఒక భాగాన్ని కూల్చాక రాణుల్లో ఒకరు సంధి జెండా ఎగరేశారు. తర్వాత మరాఠా అధికారి ఒకరు జాలర్ల గుడిసెల పక్కన నివాసం ఏర్పరచుకుని కోట మొదలుపెట్టాడు. 1861లో బిలాస్‌పూర్ జిల్లా అయింది. 1890 ప్రాంతంలో రైలు వచ్చింది. రతన్‌పూర్ గుళ్లతో, చెరువులతో మిగిలిపోయింది. బెస్తపల్లె జంక్షన్ అయింది. కట్నీ వైపు, హౌరా వైపు, నాగ్‌పూర్ వైపు పట్టాలు పరిచిన ఆ కూలీల్లో, తర్వాత ఇంజన్లు నడిపినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు.

పేరు తిరిగి పెద్దది కావడం ఇటీవలి సంగతి. బాలికల ప్రభుత్వ కళాశాలకు బిలాసా పేరుంది. 2021 మార్చి 1న చకర్‌భాఠాలో పౌర విమానాలు మొదలైనప్పుడు ఆ విమానాశ్రయం బిలాసా దేవి కేవట్ పేరుతో తెరుచుకుంది. కులం పేరు కూడా బోర్డు మీద ఉంచడం కేవట్ సమాజానికి చిన్న విషయం కాదు. అర్పా మాత్రం ఎండాకాలంలో ఇసుక మేటలుగా మిగులుతోంది, వల వేయడానికి నీళ్లుండవు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఆమె పేరిట ఒక పురస్కారం కూడా ఇస్తోంది. అది కత్తిసాముకు కాదు, చేపల పెంపకానికి.