లాటిన్ రాని శిష్యుడు

పరీక్షా ఫలితాలు వచ్చిన తరువాతి ఆదివారం మన సంఘాల్లో ఒక వాడుక ఉంది. మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లల్ని ముందుకు పిలుస్తాం, చప్పట్లు కొడతాం, వాళ్ళ తలలమీద చేతులుంచి ప్రార్థిస్తాం. నేనూ ఏళ్ళ తరబడి అలాగే చేశాను. తప్పిన పిల్లలు ఆ రోజు గుడికి రారు. వచ్చినా చివరి వరుసలో కూర్చుని, ఆశీర్వాద ప్రార్థన కాకముందే చెప్పులు తొడుక్కుంటారు. ఈ మధ్య అలా వెళ్ళిపోతున్న ఒక అబ్బాయిని చూసినప్పుడు నాకు జాన్ మరియ వియాన్నీ గుర్తుకు వచ్చారు.

కథోలిక సహోదరులకు ఈ పేరు కొత్త కాదు. ఆగస్టు 4న ఆయన పండుగ చేసుకుంటారు. విచారణ గురువులకు పాలక పునీతుడని ఆయన్ను గౌరవిస్తారు. మన ప్రొటెస్టెంటు సంఘాల్లో మాత్రం చాలామంది ఈ పేరు విని ఉండరు. సిద్ధాంతాల్లో తేడాలుంటే ఉండనివ్వండి, ఈ జీవితం మనకూ పనికివస్తుంది. నిజానికి నేను చెప్పాలనుకున్నది వియాన్నీ గురించి ఎంతో, ఆయనకు చదువు చెప్పిన పెద్దాయన గురించీ అంతే.

వియాన్నీ 1786లో ఫ్రాన్సులోని లియోన్ నగరం దగ్గర దార్దిలీ అనే పల్లెలో, ఒక రైతు ఇంట పుట్టాడు. మూడేళ్ళకే విప్లవం వచ్చింది. గుళ్ళు మూతపడ్డాయి, ప్రభుత్వానికి లొంగని గురువులు రహస్యంగా తిరుగుతూ ఆరాధనలు జరిపారు. బడి కూడా సరిగా నడవని కాలం అది. పిల్లవాడు గొర్రెలు కాచాడు, పొలం పని చేశాడు, కొద్దికాలం మాత్రమే పలక పట్టాడు. గురువు కావాలన్న కోరిక బయటపెట్టినప్పుడు తండ్రి వెంటనే ఒప్పుకోలేదు. పొలానికి చేతులు కావాలి, చదువుకు డబ్బు కావాలి. చివరికి ఒప్పుకునేసరికి కొడుకుకు దాదాపు ఇరవై ఏళ్ళు.

దగ్గరలోని ఎక్యులీలో ఫాదర్ బాలే అనే విచారణ గురువు ఉండేవారు. విప్లవకాలంలో ప్రాణాలకు తెగించి రహస్యంగా పరిచర్య చేసిన మనిషి. ఇప్పుడు తన ఇంట్లోనే కొందరు కుర్రాళ్ళను సెమినరీకి తయారుచేస్తున్నారు. పని ఎక్కువగా ఉందని ఆయన మొదట ఈ రైతు కొడుకును తీసుకోవడానికి ఇష్టపడలేదు. మనిషిని ఎదురుగా చూశాక మనసు మార్చుకున్నారు.

అప్పట్లో సెమినరీ చదువంతా లాటిన్‌లోనే. ఆ లాటిన్ వియాన్నీకి అంటలేదు. రాత్రి నేర్చుకున్నది తెల్లారేసరికి పోయేది. మన సెమినరీల్లో హెబ్రీ క్రియారూపాలతో కుస్తీ పట్టినవారికి ఈ బాధ తెలుసు. తోటి విద్యార్థుల్లో మతియాస్ లోరాస్ అనే తెలివైన కుర్రాడు తనకంటే చాలా చిన్నవాడు. పాఠం ఎన్నిసార్లు వివరించినా ఈ పెద్దవాడికి ఎక్కకపోవడంతో ఒకరోజు విసుగొచ్చి చెంపమీద కొట్టాడు. వియాన్నీ ఆ చిన్నవాడి ముందే మోకాళ్ళూని క్షమించమన్నాడు. కొట్టినవాడు ఏడ్చాడు. ఆ లోరాస్ తరువాత అమెరికా వెళ్ళి, డుబ్యూక్ నగరానికి మొదటి బిషప్ అయ్యాడు.

ఒక దశలో వియాన్నీ ఇంటికి వెళ్ళిపోతానన్నాడు. బాలే గారు అతన్ని కోప్పడలేదు, ఊరికే ఓదార్చనూ లేదు. వెళ్ళిపోతే పరిచర్య ఆశ అంతటితో ముగిసినట్టేనని ఉన్నమాట చెప్పారు. శిష్యుడు ఆగాడు. ఆగడమే కాదు, దేవుని సహాయం వేడుకుంటూ, దారిలో అడుక్కుతింటూ, సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని లా లూవెస్క్ పుణ్యక్షేత్రానికి కాలినడకన వెళ్ళివచ్చాడు.

తరువాత 1809లో నెపోలియన్ సైన్యంలోకి పిలుపు వచ్చింది. జబ్బుపడి దండు వెనక మిగిలిపోయాడు, అక్కడినుండి కొండల్లోని ఒక పల్లెకు చేరి పారిపోయిన సిపాయిగా ఏడాదికి పైగా మారుపేరుతో దాక్కున్నాడు. ఇది అతని జీవితంలో సూటిగా సమర్థించలేని ఘట్టం, నేను దాన్ని దాచను. విచిత్రం ఏమిటంటే, చదువు రాదనిపించుకున్న ఆ మనిషి ఆ పల్లెలో పిల్లలకు పాఠాలు చెప్పాడు. క్షమాభిక్ష ప్రకటించాక ఇంటికి వచ్చాడు. బాలే గారు అతన్ని మళ్ళీ చేర్చుకున్నారు.

1813లో లియోన్‌లోని పెద్ద సెమినరీలో చేరాడు. లాటిన్‌లో అడిగిన ప్రశ్నలే అర్థం కాలేదు. కొద్ది నెలలకే పంపించివేశారు. అప్పటికి అతనికి ఇరవై ఏడేళ్ళు. ఇంకెవరైనా ఇక్కడ చేతులు దులుపుకునేవారు. పైగా అది తప్పనిపించుకునేదీ కాదు, ఎందుకంటే అప్పటికే ఏళ్ళు గడిచాయి, ప్రయత్నాలు అయిపోయాయి.

బాలే గారు అతన్ని తిరిగి ఎక్యులీకి తీసుకువచ్చి చదువు చెప్పే పద్ధతి మార్చారు. లాటిన్ గ్రంథం పక్కనపెట్టి, అదే వేదాంతాన్ని ఫ్రెంచి పుస్తకంతో, అతని తల్లిభాషలో చెప్పారు. మళ్ళీ పరీక్షకు పంపితే, పెద్దల బల్ల ముందు నిలబడేసరికి శిష్యుడు బెదిరి తడబడ్డాడు. ఆయన స్వయంగా లియోన్ వెళ్ళి అధికారులను బతిమాలారు. పరీక్షించేవారిని ఎక్యులీకే రప్పించారు. తెలిసిన ఇంట్లో, తెలిసిన మాటల్లో అడిగితే వియాన్నీ తృప్తికరంగా జవాబిచ్చాడు. మేత్రాసన పెద్దలు అతని భక్తిని విచారించి, మిగిలిన లోటు దేవుని కృప తీరుస్తుందని ఒప్పుకున్నారు.

ఓర్పు అంటే మనం తరచు కూర్చుని ఎదురుచూడడం అనుకుంటాం. బాలే గారు ఎదురుచూడలేదు. పుస్తకం మార్చారు, గది మార్చారు, తన పరువు పణంగా పెట్టారు.

1815 ఆగస్టు 13న గ్రెనోబుల్‌లో వియాన్నీకి గురుపట్టాభిషేకం జరిగింది. వాటర్లూ యుద్ధం ముగిసి పరాయి సైనికులు దారుల్లో తిరుగుతున్న రోజులు. చేతిలో చిన్న మూటతో ఒంటరిగా నడిచి వెళ్ళారు. ఇకనుండి ఆయన అనాలి కదా. బాలే గారు ఆయన్ను తన సహాయకుడిగానే అడిగి తెచ్చుకున్నారు. పాపసంకీర్తనలు వినే అధికారం మొదట్లో ఇవ్వలేదు, కొన్ని నెలల తరువాత వచ్చింది. ఆ అధికారం వచ్చాక, ఆయన దగ్గర మొట్టమొదట మోకాళ్ళూని పాపాలు ఒప్పుకున్నది బాలే గారే.

1817 డిసెంబరులో బాలే గారు చనిపోయారు. కొన్ని వారాలకే వియాన్నీని సుమారు 230 మంది ఉన్న ఆర్స్ అనే చిన్న ఊరికి పంపారు. నలభై ఒక్క ఏళ్ళు, 1859లో కన్నుమూసేదాకా, ఆయన అక్కడే ఉన్నారు. పేద ఆడపిల్లల కోసం ఒక బడి తెరిచారు. చివరి సంవత్సరాల్లో రోజుకు పదహారు గంటల వరకు జనం బాధలు వింటూ కూర్చునేవారు. ఏటా వేలమంది వచ్చేవారు, లియోన్ రైల్వే స్టేషనులో ఆర్స్ ప్రయాణికులకు వేరే టికెట్ కౌంటరు పెట్టవలసి వచ్చింది. వీటిలో ఒక్కటీ బాలే గారు చూడలేదు.

చేతికి వచ్చిన ప్రతిదీ పేదలకు ఇచ్చేసే వియాన్నీ ఒక చిన్న అద్దాన్ని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. అది బాలే గారిది. ఆయన ముఖం అందులో పడిందని దాచుకున్నారు.