ఒంటబట్టని అన్నం: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం

మా సాయంత్రపు తెలుగు తరగతిలో ఒంటబట్టడం అనే మాట వచ్చింది. తిన్నది రక్తంలో చేరి బలమివ్వడం అని చెప్పాను. పిల్లలకు అంతటితో అర్థం కాలేదు. అప్పుడు సుబ్బారావు గారి కథ చెప్పాను.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని ప్యాసు కాలేదు. (మన పిల్లలు ఈ ముక్క వినాలి!) మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసరుకు కోపం వచ్చి, చివరికి ఎల్.ఎం.ఎస్. డిగ్రీతోనే సరిపెట్టుకోవలసి వచ్చింది.

ఆ యౌవనంలోనే ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ వ్యాధితో పోయారు. మన వైద్యులు గ్రహణి అనే జబ్బుల కోవలోదే ఇది. చిన్నప్రేగు లోపలిపొర పాడవుతుంది. ఎంత తిన్నా విరేచనాల పాలే. రక్తం క్షీణించి మనిషి అస్థిపంజరమవుతాడు. తరువాత సుబ్బారావు గారికీ అదే వచ్చింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో బ్రతికారు.

1920ల తొలి ఏళ్ళలో భార్య శేషగిరి గారిని ఇంటివద్ద వదిలి బోస్టన్ చేరారు. ఆసుపత్రిలో రాత్రిపూట నౌకరీ చేస్తూ హార్వర్డులో చదివారు. పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు, తండ్రి చూడనే లేదు. ఫిస్కే గారితో కలిసి శరీరశక్తికి ఆధారమైన ఎ.టి.పి.ని 1929లో ప్రకటించారు.

1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ కంపెనీకి మారారు. అక్కడ ఆయన బృందం కాలేయం నుండి ఫోలిక్ యాసిడ్‌ను వేరుచేసి, 1945లో కృత్రిమంగా తయారుచేసింది. క్యూబా, ప్యూర్టోరికోలలో స్ప్రూ రోగులకిస్తే ఆకలి పుట్టింది, రక్తం పట్టింది. సోదరులు పోయి అప్పటికి పాతికేళ్ళు దాటింది.

అయితే ఆ ఒక్క విటమిను చాలదు. ఫోలిక్ యాసిడ్ చిన్నప్రేగు పైభాగంలోనూ, బి12 చివరిభాగంలోనూ ఒంటబడతాయి. అందుకే ఆపరేషనులో ప్రేగు చాలా మేరకు తీసివేసినప్పుడు, ఏ భాగం మిగిలిందో చూసి లోటు పూరిస్తారు. బొత్తిగా చాలనివారికి రక్తనాళం ద్వారా ఆహారం ఎక్కించే పద్ధతి 1960లలో ఫిలడెల్ఫియాలో స్థిరపడింది. సుబ్బారావు గారు దాన్ని చూడలేదు. 1948 ఆగస్టులో, 53వ ఏట, పెర్ల్ రివర్‌లోనే కన్నుమూశారు. ఇండియాకు తిరిగి వెళ్ళనే లేదు.

ఆ ఏడే ఆయన విభాగం నుండి ఆరియోమైసిన్ వెలువడింది, టెట్రాసైక్లిన్ మందులలో మొదటిది. ఈనాటికీ ఉష్ణదేశాల స్ప్రూకు డాక్టర్లు నెలల తరబడి ఇచ్చేది ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్, ఈ రెండూ కలిపే.