ఏకీభవించలేని మేనిఫెస్టో విలువ

లోక్‌సభ ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ పార్టీల మేనిఫెస్టోలు ముందేసుకుని చదవడం నాకు అలవాటు. దళితుల కోసం ఏం రాశారన్నది మొదట వెతుకుతాను. ఆ పేజీ అన్నింటిలోనూ ఉంటుంది. అందుకయ్యే సొమ్ము ఎక్కడిదో చెప్పే పేజీ మాత్రం అరుదు. అప్పుడు నాకు డాక్టర్ అంబేడ్కర్ గుర్తుకొస్తారు. రాజ్యాంగ నిర్మాతగా ఆయనను స్మరించే మనం, ప్రజల ముందుకు వెళ్లి ఓట్లడిగిన నాయకుడిగా ఆయనను పెద్దగా చదవలేదు.

1928లో సైమన్ కమిషన్ ముందు ఆయన వయోజనులందరికీ ఓటు కోరారు. 1932 పూనా ఒప్పందంతో రిజర్వుడు స్థానాలు పెరిగాయి గానీ, తుది గెలుపోటములు అన్ని కులాల ఓటర్ల చేతికి వెళ్లాయి. ఆ పరిస్థితుల్లోనే 1936లో ఇండిపెండెంట్ లేబర్ పార్టీని స్థాపించి, కార్మికులనూ కౌలుదార్లనూ కలుపుకున్నారు. 1937 బొంబాయి ఎన్నికల్లో ఆ పార్టీ పోటీచేసిన స్థానాల్లో అత్యధికం గెలిచింది. అదే ఏడాది కొంకణ్ రైతులను పీడిస్తున్న ఖోతీ విధానం రద్దుకు ఆయన శాసనసభలో బిల్లు పెట్టారు.

1942లో షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ ఏర్పడింది. 1946 ఎన్నికల్లో అది ఘోరంగా ఓడింది. ఆయన బెంగాల్ నుంచి రాజ్యాంగ సభకు వెళ్లవలసివచ్చింది.

1951లో హిందూ కోడ్ బిల్లు విషయంలో విభేదించి మంత్రి పదవి వదులుకున్నాక, తొలి సార్వత్రిక ఎన్నికలకు ఫెడరేషన్ మేనిఫెస్టో వెలువడింది. అటు కమ్యూనిస్టు పార్టీతో గానీ, ఇటు హిందూ మహాసభ, జనసంఘ్‌లతో గానీ పొత్తు ఉండదని అందులో ముందే తేల్చిచెప్పారు. నిధుల మార్గాలూ చూపారు: సైనిక వ్యయం తగ్గింపు, మద్యనిషేధం ఎత్తివేత, బీమా జాతీయీకరణ, ఉప్పు పన్ను పునరుద్ధరణ. దండి యాత్ర జరిగిన దేశంలో, ఓట్లడుగుతూ ఉప్పు పన్ను మాట ఎత్తడం సాహసమే.

ఆ పన్నుతో నేను ఏకీభవించను. దాని భారం పేదల గంజి మీదే ఎక్కువ పడుతుంది. అయితే ఆయన దాచకుండా రాశారు కనుకనే నేడు నేను కాదనగలుగుతున్నాను. ఏమీ తేల్చని హామీతో విభేదించే అవకాశమే ఓటరుకు ఉండదు.

ఉత్తర బొంబాయిలో ఆయన కాంగ్రెస్ అభ్యర్థి కజ్రోల్కర్ చేతిలో ఓడిపోయారు. లోక్‌సభలో ఫెడరేషన్‌కు దక్కినవి రెండే స్థానాలు: ఒకటి షోలాపూర్, రెండోది మన కరీంనగర్. 1954లో భండారా ఉపఎన్నికలోనూ ఆయనకు ఓటమే ఎదురైంది. 1956 డిసెంబర్ 6న కన్నుమూసే నాటికి లోక్‌సభలో ఒక్కసారైనా కూర్చోలేదు.

ఈసారి ఆయన విగ్రహానికి దండ వేసి ఓటడిగే ప్రతి పార్టీనీ నేను మూడే ప్రశ్నలు అడుగుతాను. సొమ్ము ఎవరి నుంచి తెస్తారు? ఎవరితో చేతులు కలపరు? గతంలో గెలిచాక సభలో మా కోసం ఏ బిల్లు పెట్టారు? జవాబివ్వని పార్టీకి ఆ దండ వేసే అర్హత లేదు; నా ఓటు మీద హక్కూ లేదు.