గదిమూల గానము: పాల్ క్లిప్ష్

పాల్ విల్బర్ క్లిప్ష్ 1904లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున జన్మించెను. ఇంజనీరింగు చదివి, చిలీ దేశమున విద్యుత్ రైలింజనుల మరమ్మతులు చూచెను. పిమ్మట టెక్సాస్‌లో చమురు అన్వేషణమున పనిచేసెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆర్కాన్సా రాష్ట్రమందలి హోప్ పట్టణమున సైన్యమునందుండి, తీరికవేళల లౌడ్‌స్పీకరుపై ప్రయోగములు సాగించెను.

సన్నగా మొదలై క్రమముగా విప్పారు బూర స్వల్పశక్తితోనే పెద్ద నాదము నిచ్చును. కాని మంద్రస్వరములు పలుకవలెనన్న ఆ బూర యిల్లంతయు నాక్రమించును. క్లిప్ష్ దానిని మడిచి పెట్టెలో నిమిడ్చి, గదిమూల నుంచెను. అచటి గోడలును నేలయును బూరకు కొనసాగింపయ్యెను. ఇంటివాడు కట్టించుకొన్న గోడలే వాద్యములో భాగమయ్యెను!

1945లో దీనికి పేటెంటు లభించెను. మరుసటి యేట కంపెనీ వెలసెను. తొలినాళ్ల కార్ఖానా యొక రేకుల షెడ్డు. ‘క్లిప్ష్‌హార్న్’ వెల యల్పము కాదు. అయినను వాల్వుల ఆంప్లిఫయరులో ఒక్కొక్క వాటును ప్రియమైన యా రోజులలో, కొద్ది వాట్లతోనే గది నింపు స్పీకరు కొన్నవానికి పెద్ద ఆంప్లిఫయరు ఖర్చు తప్పెను. వెల వేరు, విలువ వేరు.

1957లో మూలతో పనిలేని చిన్న స్పీకరును చేసెను. తన సిద్ధాంతమును తానే దాటినందున దానికి మతధిక్కారమను నర్థముగల ‘హెరెసీ’ యను పేరు వచ్చెను.

క్లిప్ష్ 2002లో, 98 ఏండ్ల వయస్సున, హోప్‌లోనే మరణించెను. సవరణలు పొందుచు, మూలను జేరిన యా తొలి స్పీకరు నేటికిని తయారగుచునే యున్నది.