సోదరులను మింగిన జబ్బుకు మందు తెచ్చిన సుబ్బారావు

ఎచ్చెర్ల: మన జిల్లాలో బోదకాళ్ల జబ్బుకు మింగించే డి.ఇ.సి. మాత్ర వెనుక ఉన్నది ఒక తెలుగువాడే. డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. ఇద్దరు సోదరులను స్ప్రూ అనే పేగుల జబ్బు పొట్టన పెట్టుకుంది. అమెరికా చేరి, లెడర్లీ ప్రయోగశాలలో సహచరులతో కలిసి 1945లో ఫోలిక్ ఆమ్లం తయారుచేసి పగ తీర్చుకున్నారు. ఆయన హయాంలోనే డగ్గర్ మట్టి సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశారు. టెట్రాసైక్లిన్లలో అదే మొదటిది. స్ప్రూకు నేటికీ ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్ కలిపే ఇస్తారు. 1948లో ఆయన న్యూయార్కులో పోయారు. కడుపులో చీము పట్టించే ఇ.కోలై క్రిములు చాలావాటిలో ఇప్పుడు ఈ మందును బయటికి నెట్టేసే జన్యువులున్నాయి. ఒక క్రిమి మరొకదానికి వాటిని అందిస్తుంది కూడా. అక్కరలేని మందు పడిన పొట్టలో చావక మిగిలి పెరిగేవి ఆ క్రిములే.