యల్లాప్రగడ సుబ్బారావు - కండరానికి శక్తి ఎక్కడిది?

గత పాఠంలో పిక్క కండరాల గురించి, అవి మడమ ఎముకకు అతుక్కొని ఉండే తీరు గురించి తెలుసుకున్నారు. ఆ కండరాలు పని చేయడానికి శక్తి ఎక్కడి నుంచి వస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు వెతికిన ఒక తెలుగు శాస్త్రవేత్త జీవితాన్ని ఈ పాఠంలో చదువుతారు.

ముందుగా ఒక సందర్భం ఊహించుకోండి. మీరు ఖరగ్‌పూర్ ప్రేమ్‌బజార్‌లో ఉంటూ మర్దన చికిత్స నేర్చుకుంటున్నారు. రైల్వే వర్క్‌షాపులో రోజంతా నిలబడి పని చేసిన పెద్దాయన ఒకరు రెండు పిక్కలూ పట్టేశాయంటూ మీ దగ్గరకు వచ్చారు. మీరు గోరువెచ్చని నీటిలో కాళ్లు పెట్టించి, ఆ తరువాత మర్దన చేశారు. ఆయనకు హాయిగా అనిపించింది. ఎందుకు తగ్గిందని అడిగారు. మీరు ఏం చెబుతారు? కండరంలో పేరుకున్న లాక్టిక్ ఆమ్లాన్ని పిండి తీసేశామని చాలామంది చెబుతారు. నేను కూడా చాలాకాలం అదే నమ్మాను. అది సరైన జవాబు కాదు. కండరం విషయంలో లాక్టిక్ ఆమ్లానికి ఉన్న పెద్ద పేరు తగ్గడానికి కారణమైన వారిలో సుబ్బారావు ఒకరు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు పిల్లల ఇల్లు, చాలీచాలని రాబడి. చదువు మీద ఆయనకు మొదట్లో శ్రద్ధ లేదు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కారు. పరీక్ష తప్పి చదువు మానేసిన వారు మీలో ఉంటే ఈ సంగతి గుర్తుంచుకోండి.

తరువాత మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. స్వదేశీ ఉద్యమ ప్రభావంతో శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు కోటు వేసుకొని వెళ్లారు. ఆచార్యునికి అది నచ్చలేదు. ఫలితంగా పూర్తి డిగ్రీకి బదులు అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే దక్కింది. ఈలోగా స్ప్రూ అనే పేగుల వ్యాధితో ఇద్దరు అన్నదమ్ములు కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. అదే జబ్బు సుబ్బారావుకూ వచ్చింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. ఆ తరువాత లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు. మీరు ఇప్పుడు చదువుతున్న శాస్త్రమే అది.

1922లో మామగారి సహాయంతో అమెరికా వెళ్లి, బోస్టన్‌లోని హార్వర్డ్‌లో చేరారు. భార్య శేషగిరిని ఇక్కడే విడిచి వెళ్లారు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు. తండ్రి ఆ బిడ్డను ఒక్కసారి కూడా చూడలేదు. అక్కడ పొట్టపోసుకోవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేశారు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని వద్ద పరిశోధన మొదలైంది. రక్తంలో, కణజాలాల్లో భాస్వరం ఎంత ఉందో రంగును బట్టి కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి రూపొందించి 1925లో ప్రకటించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అని దానికి పేరు. ఈ పద్ధతితో పిల్లి కండరాన్ని పరీక్షించినప్పుడు ఒక వింత కనిపించింది. రంగు వెంటనే రాలేదు, మెల్లమెల్లగా వచ్చింది. మరొకరైతే కొలతలో పొరపాటు జరిగిందని వదిలేసేవారేమో! వారు వదల్లేదు. కండరంలో తేలికగా విడిపోయే భాస్వర పదార్థం ఏదో ఉందని గ్రహించారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. కండరం పని చేసినప్పుడు అది తగ్గుతుంది, విశ్రాంతి తీసుకున్నప్పుడు మళ్లీ తయారవుతుంది. ఈ సంగతి 1927లో వెలువడింది. ఇంగ్లండులో మరో బృందం కూడా ఇంచుమించు అదే సమయంలో ఈ పదార్థాన్ని గుర్తించింది. 1929లో సుబ్బారావు, ఫిస్క్ ఎ.టి.పి. అనే పదార్థాన్ని వేరు చేశారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా దానిని విడిగా కనుగొన్నారు.

ఈ పరిశోధనల ప్రాముఖ్యం ఏమిటి? కండరం ముడుచుకోవడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమని అప్పట్లో పెద్ద శాస్త్రవేత్తలు భావించేవారు. కండరాలపై చేసిన కృషికి హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి కూడా దక్కింది. అసలు ఇంధనం ఎ.టి.పి. అని తరువాత తేలింది. కండరంలో దాని నిల్వ కొన్ని సెకన్లకే సరిపోతుంది. అది తరిగేకొద్దీ ఫాస్ఫోక్రియాటిన్ దానిని మళ్లీ నింపుతుంది. ఇంకొక విషయం గమనించండి. కండరం బిగియడానికే కాదు, సడలడానికి కూడా ఎ.టి.పి. కావాలి. మరణించిన వారి శరీరం కొయ్యబారేది ఆ సరఫరా ఆగిపోవడం వల్లనే.

ఇక లాక్టిక్ ఆమ్లం. శ్రమ ఆపిన గంటా గంటన్నరలో అది దానంతట అదే తగ్గిపోతుంది. అలవాటులేని పని చేసిన మరునాడు కలిగే నొప్పికి కండరతంతువులకు తగిలే సూక్ష్మమైన గాయాలు, వాటి వాపు కారణం. వేడినీరు చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేస్తుంది, బిగువును తగ్గిస్తుంది. మర్దన నొప్పి తెలిసే తీరును మారుస్తుంది. ఒక జాగ్రత్త: ఒక్క పిక్కే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే మర్దన చేయకండి. సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. వెంటనే వైద్యుని దగ్గరకు పంపండి. మధుమేహంతో పాదాలు మొద్దుబారిన వారికి నీటి వేడి తెలియదు. మీ చేతితో చూసిన తరువాతే కాళ్లు పెట్టించండి.

ఇంత పని చేసినా హార్వర్డ్‌లో సుబ్బారావుకు స్థిరమైన ఆచార్య పదవి రాలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలకు మారారు. అక్కడ ఆయన నాయకత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. బోదకాలు వ్యాధికి వాడే హెట్రజాన్ కూడా అక్కడిదే. 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, నిద్రలోనే కన్నుమూశారు. ఇరవై ఆరేళ్లలో ఒక్కసారి కూడా ఇంటికి తిరిగి రాలేదు. ఆయన వస్తారని శేషగిరి ఇక్కడ ఎదురుచూస్తూనే ఉన్నారు.

ఇప్పుడు పుస్తకం మూసి, ప్రేమ్‌బజార్ పెద్దాయన అడిగిన ప్రశ్నకు జవాబును మీ సొంత మాటల్లో ఐదారు వాక్యాలలో రాయండి. ఆయనకు అర్థమయ్యే మాటలే వాడండి.